నీళ్ళ మీద గచ్చు

ముప్పయ్యేళ్ళు నేల మీదే పరిచాను పలకలు.
మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి.
అక్కడి నల్లమట్టి కుంగినా నిదానంగా కుంగేది.
దిండి రేవులో పడవకి స్నానాలగది అంటే
వస్తాననేశాను,
రోజుకి పదమూడొందలన్నారు మరి.

రసమట్టం పెట్టాను.
లోపల బుడగ
బుట్టలో పడ్డ బొమ్మిడాయి.
వశిష్ఠ మీద లాంచీ వెళ్ళిన ప్రతిసారీ
నా ముప్పయ్యేళ్ళూ ఓ పక్కకి జారిపోయేవి.

"చెక్కకి ఊపిరుంటది మేస్త్రీ,"
అన్నాడు వడ్రంగి ఓలేటి పల్లయ్య.
"వానలకి ఉబ్బుద్ది, ఎండలకి ముడుచుకుంటది.
తిన్నగా దానికే పలక అంటించావో,
కార్తీకం రాకుండానే పగులుద్ది."

అందుకని మధ్యలో సిమెంటు బోర్డు.
చెక్కకీ పలకకీ పడని చోట
ఇద్దరి మాటా వినే పెద్దమనిషి.
బ్లేడుతో గీసి మోకాలికి ఆనించి నొక్కితే
తేగ విరిగినట్టు విరిగింది.
దాని కింద గమ్ము, పళ్ళ తాపీతో చాళ్ళుచాళ్ళుగా,
నిన్ననే ఊడ్చిన చేనులా.
జానెడుకో మర.
చెక్క అతుకు మీద బోర్డు అతుకు పడకూడదు.
బోర్డుకీ బోర్డుకీ మధ్య రూపాయి బిళ్ళ పట్టే సందు.

సందెందుకని అడిగాడు మా కుర్రాడు సాల్మను.
మీ ఇంట్లో ఒకే గదిలో ఐదుగురు పడుకుంటారు కదరా,
ఒకడు ఒత్తిగిలాలంటే?
వాడింకేం అడగలేదు, జాలీ టేపు అందించాడు.

మట్టం మాత్రం కుదరలేదు.
రెండోరోజు మధ్యాహ్నం పల్లయ్య
నా చేతిలో రసమట్టం లాక్కుని సంచీలో పడేసి
మూలమట్టం ఇచ్చాడు.
"ఏటితో కొలవకు. పడవతో కొలువు."

అంటించాక అలవాటుగా తట్టి చూశాను.
నేల మీదైతే గట్టి పలక టక్కుమంటుంది,
గుల్లది డబ్బుమంటుంది.
ఇక్కడ అన్నీ డబ్బుమన్నాయి.
రెండు ఊడదీశాను కూడా.
గమ్ము అంచుదాకా నిండుగానే ఉంది.
గమ్ము కింద బోర్డు, బోర్డు కింద చెక్క,
చెక్క కింద గోదారి.
ఆ రెండు పలకల డబ్బూ
నా కూలిలో కోసుకోమన్నాను.

సాయంత్రం ఓనరు వచ్చాడు, బూట్లతో.
"లెవెలుందా?"
ఏం చెప్పను? పల్లయ్య వైపు చూశాను.
ఆయన బీడీ వైపు చూసుకున్నాడు.
సాల్మను జేబులోంచి తమ్ముడి గోలీ తీసి
గుమ్మం దగ్గర వదిలాడు.
అది కుడికి వెళ్ళింది.
ఏదో మర్చిపోయినట్టు ఎడమకి వచ్చింది.
లాంచీ పోయింది, మళ్ళీ కుడికి.
నలుగురం వంగి చూస్తున్నాం.
తిరిగి తిరిగి
నీళ్ళు పోయే కంత దగ్గరికొచ్చి
ఆగింది.