కిలోన్నర

రాంనగర్ గల్లీలో యాదగిరి కిరాణా కొట్టు.
కందిపప్పు తూచే కాటా మీద
రెండు గుడారాలు తూచమన్నాను.
"గిదేం సరుకక్కా?" అన్నాడు,
పళ్ళెంలో మిగిలిన నూకలు అరచేత్తో తుడుస్తూ.

పాతది రెండు కిలోల ఆరువందల నలభై.
కొత్తది, వాపసుకి ఇంకా నాలుగు రోజుల గడువుంది,
కిలో నూట ఇరవై.
ఎర్ర అంకెలు కాసేపు వణికి నిలబడ్డాయి.
కిలోన్నర తేడా.
పైన ఇరవై గ్రాములు నేను వదిలేశాను,
అతను వదల్లేదు.

కిలోన్నరంటే
రెండు రోజుల బియ్యం, పప్పు, ఒక ఉల్లిగడ్డ.
ఖాజాగూడ బండల మీద
సంచి వేసుకుని నడిచి చూశాను.
ఎక్కేటప్పుడు దాని మాటే తెలియదు.
దిగేటప్పుడు
యాభై రెండేళ్ళ ఎడమ మోకాలు
ప్రతి రాయి దగ్గరా ఆగి
చిల్లరతో సహా వసూలు చేసింది.

పాతదాన్ని ముట్టుకుంటే
టార్పాలిన్‌కి దూరపు చుట్టంలా ఉంటుంది.
తుమ్మముల్లు గుచ్చుకున్నా ముల్లే సిగ్గుపడాలి.
పదకొండేళ్ళు, ఒక్క చిరుగు లేదు.
ఈ మాట నలుగురిలో గొప్పగా చెప్తుంటాను.
మొన్న అటక మీంచి దించుతూ,
దుమ్ముకి తుమ్ముతూ, లెక్కపెట్టాను.
అది ఎక్కిన కొండలు మూడు.
బరువని నేను వెళ్ళకుండా ఊరుకున్నవి
వేళ్ళకి అందలేదు.
అటక మీద ఏదీ చిరగదు.

కొత్తది ఉల్లిపొర.
లోపల చెయ్యి పెడితే
గీతలు చదివి జాతకం చెప్పొచ్చు.
రాణిగంజ్‌లో టార్పాలిన్లు కుట్టే
మోయిజ్ భాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను.
రెండు వేళ్ళ మధ్య నలిపి
చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.
"గింత పల్చగున్నా మంచిగనే నేసిండ్రు మేడమ్.
బట్టకు ఫికర్ లేదు, కుట్టు చూడుండ్రి.
ఎప్పుడు చినిగినా కుట్టు పక్కనే చినుగుతది."
డబ్బులంటే వద్దన్నాడు.
చాయ్ మాత్రం రెండు తాగాడు.

రాత్రి మా మేడ మీద వేశాను.
సిమెంటులో మేకులు దిగవు కదా,
నాలుగు మూలలకీ నాలుగు ఇటుకలు.
పక్క డాబా మీద బట్టలు తీస్తున్న పిల్ల
తీగ మీంచి తొంగి చూసింది.
"ఆంటీ, ఇంట్లో కొట్లాటైందా?"

రెండింటికి వాన.
నీళ్ళ ట్యాంకు మూత ఎగిరి
మెట్ల మీద దొర్లుకుంటూ కిందికి పోయింది.
గుడారం గోడ వచ్చి నా చెంప తాకి
వెనక్కి పోతోంది,
పక్కన పడుకుని ఊపిరి తీసే దూడలా.
నేను పడుకోలేదు.
చిరుగుతుందనుకున్న ప్రతి చోటా
టార్చి వేసి చూస్తూ కూర్చున్నాను.
భుజం మీంచి దించిన కిలోన్నర
ఎటూ పోలేదు.
వచ్చి రెప్పల మీద కూర్చుంది.

తెల్లారి చూస్తే లోపల పొడిగానే ఉంది.
ఒక మూల మాత్రం, కుట్టు పక్కనే,
సూది మొనంత వెలుతురు.
వాన చేసిందో, ఫ్యాక్టరీ నుంచే వచ్చిందో,
రాత్రంతా నేను చూసీ చూసీ పొడిచానో.
వాపసు కాగితంలో
'వాడలేదు' అన్న గడి ఖాళీగా ఉంది.
పెన్ను రెండుసార్లు తీసి
రెండుసార్లూ సంచిలోనే పెట్టాను.

నవంబరులో పడమటి కనుమలు, నాలుగు రాత్రులు.
టిక్కెట్టు కొనేశాను.

"ఏదుంచుకుంటవక్కా?"
"పావుకిలో పుట్నాలు కట్టు," అన్నాను.
కట్టాడు.
"ఒక సూది కూడా. గట్టి దారం, ఈ నీలానికి దగ్గరది."
చిన్న అట్టముక్కకి నాలుగు చుట్లు చుట్టి
సూది గుచ్చి ఇచ్చాడు.
దాన్నీ కాటా మీద పెట్టమన్నాను.
నావైపోసారి చూసి, పెట్టాడు.
ఇద్దరం వంగి చూశాం.
అంకె కదల్లేదు.
కాటాని వేలితో ఒకసారి తట్టాడు,
అయినా కదల్లేదు.
వెనకాల చక్కెర కోసం నిలబడ్డ ఆవిడ
గొంతు సవరించుకుంది.