రెడ్డుకి ఫాలో

కొరుక్కుపేట రైల్వే గేటు దాటాక
రేకుల కప్పు కింద మా యువజన సంఘం.
తాళంచెవి నా మెడలో, పాత ఐడీ కార్డు తాడుకి.
మే నెల మొత్తానికి అందరికీ నేనే అక్కని.

తలుపు తీయగానే ముందు ఎండ లోపలికొస్తుంది,
తర్వాత పిల్లలు.
పదిమంది వస్తారనుకున్నాం, ముప్పై ఒక్కమంది.
కార్పొరేషన్ బడికి సెలవులిచ్చారు,
వాళ్ల అమ్మలకి ఎవరూ ఇవ్వలేదు.

బల్ల మీద పౌడరు చల్లి
మోచెయ్యి ఎక్కడ ఆనాలో చూపిస్తాను.
వేలితో కాదు, ఊపిరి బిగబట్టి కొట్టమంటే
గజ నిజంగానే స్ట్రైకర్ని ఊదింది.
దేవసహాయం నవ్వీ నవ్వీ బల్ల కిందికి జారిపోయాడు.

నడిమి వలయంలో రెడ్డు పెట్టి
"ఇదేం అక్షరమో చెప్పండి" అన్నాను.
ఇంట్లో తెలుగు, బడిలో తమిళం.
వాళ్ల నోటికి తెలిసిన భాషే
కంటికి మాత్రం మొహం చూడని చుట్టం.
"ఠ" అన్నాను. "ఠ" అంది గది, రేకులు అదిరేలా.
ఆ రోజు నుంచి ఆట అయ్యాక
పౌడర్లో వేలితో రోజుకో అక్షరం.
ఫ్యాను గాలికి సగం ఎగిరిపోయేది.
మిగిలిన సగంతోనే పేర్లు రాసుకున్నారు.

కత్తిరి ఎండ ముదిరిన వారం
కుళాయిలు దగ్గి ఊరుకున్నాయి.
నాలుగో రోజుకి లారీ వచ్చింది.
కిందటేడు ఈ లారీ దగ్గరే
రూతమ్మ పిన్ని కనుబొమ పగిలింది,
బిందె అంచు తగిలి, నాలుగు కుట్లు.
హారన్ వినబడగానే
సందు సందంతా మోచేతులైపోతుంది.

ఎవరు చెప్పారో తెలీదు, నేనైతే కాదు.
దేవసహాయం రెండు బల్లల బిళ్లలూ
చొక్కా ఒళ్లో పోసుకుని పరిగెత్తాడు.
"ఇంటికో బిళ్ల! బిళ్ల లేనిదే బిందె లేదు!"
తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి.
ఇవాళ తెల్లవి ముందు, రేపు నల్లవి ముందు.
తులుక్కాణం మామ కసిరాడు,
ముక్కు కిందే నిలబడి చెయ్యి చాపే ఉంచింది గజ.
కాసేపటికి ఆయన నల్లబిళ్ల తీసుకుని
వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

మా సందులో ఇళ్లు ముప్పై ఏడు.
తెల్లవీ నల్లవీ కలిపి ముప్పై ఆరు.
రెడ్డు ఎవరికి?
బోర్డు ఇళ్ల మూడో అంతస్తు, పెంచలమ్మవ్వకి.
మోకాళ్లు వంగవు, దిగి రెండేళ్లయింది.
"మరి నీళ్లు పైకెలా పోతాయే?" అన్నాను.
గజ నావైపు జాలిగా చూసింది,
ఆట నేర్పినదాన్ని ఆటే మర్చిపోయినట్టు.
"రెడ్డు తీస్తే ఫాలో పడాలి కదక్కా,
లేకపోతే రెడ్డు వాపసు.
ఫాలో నేను."
బిందె దాని నడుముకంటే పెద్దది.
మెట్టుమెట్టుకీ కొంచెం ఒలికింది,
ఆ తడి చూసి వెనకే ఇంకో ఇద్దరు ఎక్కారు.

ఇంకొకటి మిగిలింది.
రెండో బల్ల రెడ్డు ఎప్పుడో పోయింది,
సోడా మూతకి గోళ్లరంగు పూసి ఆడతాం.
దాన్ని లారీ డ్రైవరు చేతిలో పెట్టాడు దేవసహాయం,
ఓ చెంబు నీళ్లతో.
ఆయన తాగాడు. మూత వైపు చాలాసేపు చూశాడు.

ఆ సాయంత్రం ఆట లేదు.
బిళ్లలన్నీ తడిసి ఉబ్బాయి,
మిద్దె మీద వడియాల్లా ఆరబోసి
కాకుల్ని తోలుతూ కూర్చున్నాం.
పెంచలమ్మవ్వ రెడ్డు గుప్పెడు పుట్నాలతో దిగొచ్చింది.
సోడా మూత ఒక్కటే రాలేదు.
మర్నాడు చూస్తే లారీ అద్దం దగ్గర
నిమ్మకాయ పక్కన ఎర్రగా.

ఉబ్బిన బిళ్లలు ఇప్పుడు సరిగ్గా జారవు.
ఎంత పౌడరు వేసినా మధ్యలో ఆగి ఆలోచిస్తాయి.
కొత్తవి కొందామని చందా రాశాను,
సగం పేర్లు పిల్లల చేతిరాతే, ఠ పెద్దగా, కొమ్ములు తిరగబడి.

జూన్లో బడి తెరిచారు.
సంఘానికి తాళం వేశాను.
పొద్దున ఐదున్నరకి
నిద్రలోనే హారన్ వింటున్నాను,
తలుపు మీద చిన్న గుప్పిట దబదబా:
"అక్కా, బిళ్లలు!"