నల్ల వైరు ముందు

నల్ల వైరు ముందు. తర్వాతే ఎర్రది.
కాశీనగర్‌లో ధనుర్జయ సాహు
పానా నా చేతికిచ్చి మరీ నేర్పాడు, పదేళ్ల కిందట.

జీడిగింజల బేరం జ్యేష్ఠంతో సరి.
ఆషాఢం నుంచి కొండదారంతా బురద,
బండికి పని లేదు.
ఏటా దానికి బరకం కప్పి
బ్యాటరీని మాత్రం ఇంట్లోకి తెస్తాను,
పీటేసి కూర్చోబెడతాను.

ఈ ఏడు నాకూ పని లేదు.
సవరగూడ మలుపులో జారితే
మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.
మంచం మీద నేను, మంచం పక్కన అది.

కదలకుండా ఉంటే ఖర్చు లేదనుకుంటాం గానీ
ఊరికే ఉన్నా కారిపోతుంది
లోపలి బలం, బొట్టు బొట్టు.
బ్యాటరీ సంగతే చెబుతున్నాను.
కట్టు విప్పిన పిక్క వైపు చూసుకోను.

పదిహేను రోజులకోసారి నీలవేణి
మీటరు ముళ్లు రెండూ ఆనించి
జ్వరం చూసినట్టు చూస్తుంది.
"పన్నెండు పాయింటు రెండు. తగ్గిపోనాదేటి?"
తెల్లగా పూసిన ఉప్పుని పాత బ్రష్షుతో గీకి
వేజలీన్ రాస్తుంది.
అదే డబ్బాలోంచి నా మడమకీ.

చిన్న చార్జరు, రాత్రంతా,
జల్లు కొడుతున్నా కిటికీ తెరిచే.
పెద్దది పెడితే గబుక్కున నిండుతుంది,
గబుక్కునే చస్తుంది కూడా.
ఆస్తే ఆస్తే, అనేవాడు సాహు.

నిన్న అర్ధరాత్రి కరెంటు పోయింది.
ఎర్ర చుక్క ఆరిపోయింది.
దూరంగా వంశధార హోరు.
ఆమే లేచి, తడుముకుంటూ స్విచ్చి కట్టేసి
"రేపు మళ్లీ పెడదాంలే, పడుకో" అంది,
ఎవరితో అన్నదో.