తడి జుట్టు

ఎమ్‌డెన్ రేవులో గురువారం, సన్నని జల్లు.
గేషె ఉప్‌హోఫ్ మనవణ్ణి బల్ల మీద నిలబెట్టి
తడి జుట్టుకి పాపిడి తీసింది.
బొటనవేలికి ఉమ్మి అద్ది
చెంప మీది జామ్ మరక తుడిచింది.
రెండడుగులు వెనక్కి జరిగి చూసి
"స్ముక్" అంది.

అంతే. ముద్దొస్తున్నావనీ
నీటుగా ఉన్నావనీ
ఇక బడికి పరిగెత్తమనీ.
దిష్టి తీయడం ఒక్కటే తక్కువ.

ఈ మాటే ఒకప్పుడు ఓడెక్కిందంటారు.
నిఘంటువు మాత్రం "బహుశా" అని నసుగుతుంది.
మాటలకి పురుడు పోసిన మంత్రసానులెవరూ
ఇప్పుడు సాక్ష్యానికి లేరు కదా.
ఉప్పుచేపల పీపాల మధ్యో
నారబట్ట తానుల మడతల్లోనో దాక్కుని
ఇంగ్లండు ఒడ్డున దిగేసరికి
చివరి హల్లు కాస్త నాని
స్మగ్ అయింది.

మొదట్లో అక్కడా బుద్ధిగానే ఉంది.
గంజి పెట్టిన మెడపట్టీని
బాగా మాలీసు చేసిన గుర్రాన్ని
స్మగ్ అంటే మెచ్చుకోలే.

చెడగొట్టిందెవరో నేను ఊహించుకుంటాను.
లిన్ పట్నంలో ఉన్ని వర్తకుడు,
థర్స్టన్ పెల్ అనుకుందాం.
ఆదివారం కొత్త కోటు తొడిగి
అద్దం ముందు గుండీ పెట్టుకున్నాడు.
గుండీ పడింది. పని అయిపోయింది.
అయినా కదల్లేదు.
చర్చి గంట రెండోసారి మోగింది.
గుమ్మంలో భార్య, తడుస్తున్న ఆమె బూట్లు.
మీగడ గిన్నె దగ్గర్నుంచి వచ్చిన పిల్లిలా
అతని పెదవి ఒక కొసన పైకి లేచింది.
ఆ చిన్న ఆలస్యం చాలు,
మాట కోటుని వదిలి మొహమ్మీదికి పాకింది.
కోటు చిరిగి పీలికలైనా
మళ్ళీ కిందికి దిగలేదు.

మన సోకు మాత్రం ఏం తక్కువ తింది?
చీరకట్టులో ఉన్నంతసేపూ అందమే.
"సోకులు" అన్నామా,
వినేవాళ్ళ మూతి ఓ వంకర తిరగాల్సిందే.

ఇదంతా గేషెకి చెప్పాను
వచ్చీరాని జర్మన్‌లో, చూపుడువేలు ఆడిస్తూ,
ఓడలూ శతాబ్దాలూ అన్నీ కలిపి.
ఆవిడ దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీస్తూ
నా మొహంకేసే చూసింది.
"ఆ ఇంగ్లీషు మాట ఏదో అన్నావే,
మళ్ళీ ఒకసారి చెప్పు."

చెవులు వేడెక్కాయి.

కిటికీ అవతల
కుర్రాడు అప్పటికే వానలో పడ్డాడు.
పాపిడి లేదు, జుట్టంతా పిచ్చుకగూడు.
ఒక్కసారైనా
వెనక్కి తిరిగి గాజులో చూసుకోలేదు.