తోలు కింద

తెల్లవారి ఐదింటికి హాగ్‌స్ట్రమ్ ఫోన్ చేస్తాడు.
"ఒకటి పోయింది" అంటాడు, అంతే.
కత్తి, టేపు, కెమెరా, ఫ్లాస్కులో కాఫీ.
అద్దం మీద మంచు గీకి, గీకినంత మేరే చూస్తూ బయల్దేరతాను.

నా ఉద్యోగం చెబితే పెళ్లి విందుల్లో
జనం ఇంకో కుర్చీ వెతుక్కుంటారు.
చచ్చిన దూడల తోలు వలిచి
ఎవరు చంపారో రాసే మనిషిని.

పైన కనిపించేది నమ్మకూడదు.
మాలకాకులు కళ్లు పొడుస్తాయి, కొయొటీలు పొట్ట చీలుస్తాయి,
అవన్నీ ఆలస్యంగా భోజనానికొచ్చిన చుట్టాలు.
అసలు సంగతి తోలు కింద ఉంటుంది.
ప్రాణం ఉండగా దిగిన పంటికి కండ కమిలిపోతుంది,
హకిల్‌బెర్రీలు ఏరిన వేళ్లలా.
పోయాక దిగిన పంటికి రంగుండదు.

నాలుగు వందల పదిహేడు. చెవికి పసుపు బిళ్ల.
తొడ వెనక నల్లగా, నా అరచెయ్యంత.
'నిర్ధారణ' గడిలో టిక్కు పెట్టాను.
హాగ్‌స్ట్రమ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.
పోయిన నెల ఇంకోదానికి 'కాదు' అని రాశాను.
న్యుమోనియా. ఊపిరితిత్తులు కాలేయంలా గట్టిపడ్డాయి.
నెలంతా నాతో మాట్లాడలేదు.

గురువారం హైస్కూలు జిమ్‌లో విచారణ.
బాస్కెట్‌బాల్ బుట్ట కింద బల్ల,
బల్ల వెనక రాజధాని నుంచి వచ్చిన ముగ్గురు,
పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. మనిషికి మూడు నిమిషాలు.
తోడేలు పేరు జాబితాలో ఉంచాలా, కొట్టెయ్యాలా?
హైవేకి తూర్పున ఇప్పటికే కొట్టేశారు, పడమటన ఉంచారు.
రోడ్డు దాటితే తోడేలు అదే, చట్టం వేరు.

హాగ్‌స్ట్రమ్ పెళ్లినాటి కోటు తొడుక్కొచ్చాడు.
రాసుకొచ్చిన కాగితం విప్పలేదు.
"నా కుక్కను చూసినా ఆవులు గుంపు కడుతున్నాయి.
మా ఆవిడ రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వదు" అన్నాడు.
ఎరుపు వెలిగింది. ఇంకా ఏదో ఉన్నట్టు నించున్నాడు.

పోర్ట్‌లాండ్ నుంచి వచ్చిన పిల్ల
తోడేలును ఎన్నడూ చూడలేదని ఒప్పుకుంది.
"చూడకపోయినా, ఉందని తెలిస్తే చాలు" అంది.
వెనక వరసలో నవ్వారు.
మా అమ్మ దేవుడి గురించి అచ్చం అలాగే అనేది.

నిమీపూ పెద్దావిడ ఆర్డిత్
తన మూడు నిమిషాల్లో రెండు ఊరికే నించుంది.
"జాబితాలు మాకు తెలుసు" అంది తర్వాత.
"మా నానమ్మ పేరు రేషన్ల చిట్టాలో ఉండేది.
చేర్చినప్పుడు అడగలేదు. తీసేసినప్పుడూ అడగలేదు."
ఎరుపు పడకముందే కూర్చుంది.

అప్పుడు నన్ను పిలిచారు.
కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.
పదకొండేళ్లలో నూట అరవై రెండు తోళ్లు, అన్నాను.
తోడేలు చేసినవి ముప్పై ఎనిమిది.
తక్కినవి పిడుగు, విషపు మొక్క, జబ్బు, అడ్డం తిరిగిన కాన్పు.
పిడుగును ఏ జాబితాలో పెడతారు అని
నోటిదాకా వచ్చింది, మింగేశాను.
ఆ ముప్పై ఎనిమిదీ కమిలినవే మరి.
"ఇంతకీ నువ్వెటు?" అన్నాడు బల్ల వెనకాయన.
"నేను తోలు కిందే చూస్తానండీ."
గోడ మీద పిల్లి, అని ఎవరో గొణిగారు.

చెప్పనిది ఒకటుంది.
మూడేళ్ల కింద, హైవేకి పడమటి వైపు గుంటలో,
తోడేలు తోలు కూడా వలిచాను.
మెడకు కాలరు, దానికీ ఒక నంబరు.
తూటా చుట్టూ, పక్కటెముకల మీద, అదే నలుపు.
ఏ చెయ్యి చేసిందో చివరిదాకా తేలలేదు.
పొదుగు నిండా పాలున్నాయి.
దానికి ఫారంలో గడి లేదు, అంచున రాశాను.

శనివారం, ఐదింటికి, ఫోను.
"ఒకటి పోయింది."
పెట్టేస్తాడనుకున్నాను. ఊపిరి వినిపిస్తోంది.
"గేటు తీసే ఉంచుతా" అన్నాడు.
"కాఫీ తేకు. ఇక్కడ కాచాను."