నడిమి రెండు దినాలు

స్కానింగు గదిలో డాక్టరమ్మ
తెరను తన పక్కకు తిప్పుకునింది.
అప్పుడే అర్థమైపాయ నాకు.

ఆరో నెల. గుండె సప్పుడు ల్యాదు.

కర్నూలు పెద్దాసుపత్రిలో
సువార్తమ్మ సిస్టరు ఒక మాత్ర చేతిలో పెట్టి
"మింగి ఇంటికి పోమ్మా, ఎల్లుండి రా,
తక్కిన మాత్రలు ఆ పొద్దు ఇస్తాం, నొప్పులొస్తాయి" అనె.
నెత్తురు ఎక్కువైతే, చలిజ్వరమొస్తే
రాత్రైనా సరే రమ్మని
చీటీ వెనక ఫోను నంబరు రాసిచ్చె.

బేతంచెర్ల బస్సులో
కండక్టరు ఎవర్నో లేపి సీటు ఇప్పించినాడు,
నా కడుపు సూసి.
వద్దనేకి నోరు రాల్యా.

ఆ నడిమి రెండు దినాలు
నేనేమో నాకే తెలీదు.
తల్లినా, ఒట్టి మోసేదాన్నా.
పాలిషు ఫ్యాక్టరీ రంపాలు కూస్తానే ఉన్న్యాయి.
వీధంతా తెల్లని రాతిపొడి,
బిందె మీద, ఆరేసిన బట్టల మీద, నా రెప్పల మీద.
పక్కింటి కాశింబీ పచ్చి మామిడికాయ తెచ్చి
"పుల్లగా తినాలనుందామే?" అని అడిగె.
తిన్యాను.
ఉప్పూ కారం అద్దుకోని మరీ తిన్యాను.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.

మూడో దినం వార్డులో
పక్క మంచం పిల్లది ఎమ్మిగనూరో, ఆదోనో.
డిగ్రీ చదువుతాందంట.
ఇద్దరికీ ఒకే అట్టలోంచి గిల్లి ఇచ్చె సిస్టరు.
ఆమె వద్దనుకునింది.
నాది ఉండననింది.
మాత్రకేం తెలుసు.
నొప్పులు ముదిరినప్పుడు ఆ పిల్లే
మంచాల నడిమి సందులోంచి చెయ్యి సాపె.
గాజులు గుచ్చుకున్న్యా ఇడిసిపెట్టల్యా.

తెల్లారుజామున అయిపాయ.
సువార్తమ్మ గుడ్డలో సుట్టి
"సూస్తావా? వద్దన్న్యా తప్పు ల్యాదు" అనె.
సూసినా.
గోర్లు ఉన్న్యాయి.
నూకగింజలో సగమంత,
అయినా గోర్లే.

పదేండ్లుగా బండలు కోసే నా మొగుడు మద్దిలేటి
జానెడు నాపరాయి కోసుకోనొచ్చినాడు.
పేరు చెక్కల్యా.
రెండు పక్కలా నున్నగా పాలిషు పట్టినాడు,
మన్నులోకి పోయే పక్క కూడా.

అంతా అయ్యిందనుకుంటి.
నాలుగో నాడు రవిక తడిసె.
పాలకు ఎవరూ చెప్పినట్టు ల్యాదు.

మా అత్త మూరలు మూరలు మల్లెపూలు తెచ్చి
రొమ్ముల మీద కట్టె, ఇంకిపోతాయని.
మూడు దినాలు ఇల్లంతా పెండ్లింటి వాసన.
కాశింబీ మనవరాలు గడపలో నిలబడి
"నాకూ ఒక మూర ఇయ్యవా?" అనింది.
మా అత్త కసిరె.
నేను లేసి,
గిన్నెలో తడిగుడ్డ కింద ఉన్న కొత్త పూలు
మూర కంటే ఎక్కువే తెంపి ఇచ్చినా.