బాకీ పెట్టె

వాల్దీవియాలో వాన చెప్పి రాదు, చెప్పి పోదు.
చేపల బజారు వెనక నా మరమ్మతు కొట్టు,
దాని రేకు కింద నిలబడి
దోన్యా ఎదువీహెస్ గొడుగు దులిపి,
శాలువాలోంచి బూడిదరంగు పెట్టె ఒకటి తీసింది.
ఇటుకంత. ఇటుకకన్నా బరువు.

"దీన్ని లేపి పదకొండేళ్ళయింది" అంది.
"లోపల నా కొట్టు ఉంది."

ఉప్పు నుంచి మేకుల దాకా అమ్మిన కొట్టు.
కాగితం చిట్టా వద్దన్నాడట అప్పట్లో అల్లుడు,
చెమ్మకి అంకెలు ఉబ్బుతాయని.
ఈ పెట్టె తెచ్చి, రెండు డిస్కులు బిగించి,
ఒకటి పోయినా రెండోది సాక్ష్యం చెబుతుందని
ధీమాగా ఒక పాస్‌వర్డ్ పెట్టి,
ఆ ఏడే పిల్లని వదిలేసి ఒసోర్నో చేరాడు.
అతనితో మాటల్లేవు.
కాబట్టి ఆ మాటా లేదు.

కరెంటు ఇచ్చాను.
ఫ్యాను దగ్గింది, దుమ్ము కక్కింది.
ఒక దీపం పచ్చబడింది,
పక్కది ఎర్రగానే ఉండిపోయింది.
రెండోది ఎప్పుడు పోయిందో గాని
మొదటిది ఆ కబురు ఎవరికీ చెప్పలేదు.

నా కొత్త కంప్యూటరు దాన్ని చూసింది,
పలకరించలేదు.
ఇది మాట్లాడే తీరు పాతది, క్షేమం కాదు అని
తెర మీద పసుపు హెచ్చరిక.
మా అమ్మమ్మ మపుదుంగున్‌లో పేరు చెబితే
బ్యాంకు గుమాస్తా ఇలాగే
కాగితాలు సర్దుకునేవాడు.

అటక మీంచి పాత లాప్‌టాప్ దించాను.
'ఎన్' మీట ఊడిపోయింది, మూత సరిగా పడదు,
కాని దానికి ఆ యాస వచ్చు.
బయటి దారులన్నీ మూసేసి
రెంటి మధ్య ఒక్క నీలం తీగ వేసి
పాతవాళ్ళిద్దర్నీ ఒక గదిలో వదిలాను.

ఇక తాళం. పెట్టె వెనక
సూదిమొన పట్టేంత కన్నం.
"నొక్కితే అన్నీ పోతాయా?"
"పోవు. తాళం ఎవరు వేశారో మరుస్తుంది,
దాచింది మరవదు."
అన్నాను గాని, ఈ మోడల్ సంగతి నాకూ అనుమానమే.
ఆమె తల్లోంచి పిన్ను తీసి ఇచ్చింది.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
బీప్.
బయట నది మెట్ల మీద
సముద్రసింహం ఒకటి ఆవులించింది.

కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది:
"ఫ్రెస్యా, సబ్బులు మూడు. పోయింది.
హెరాల్దో, పిండి బస్తా. పోయాడు.
నెల్దా, యెర్బా అరకిలో, కొవ్వొత్తులు...
ఓహో, బజార్లో తల తిప్పుకునేది ఇందుకా!"

నవ్వింది. కిందికి జరిపింది.
"బల్దొమేరో, పడవ తారు రెండు డబ్బాలు,
సోల్డరింగ్ కడ్డీ ఒకటి."
ఇక్కడ 'పోయాడు' అనలేదు.
నా వైపు చూసింది.

పడవ మోటారు అమ్మి కొన్నానని చెప్పాడు నాన్న.
కడ్డీ బల్ల మీదే ఉంది,
పిడికి నల్ల టేపు చుట్టి, ఇంకా వేడిగా.
ఇన్నేళ్ళూ నేను అతికినవన్నీ
అప్పు కడ్డీతో అతికినవే.

పర్సు తీశాను.
చెల్లుకు చెల్లు అంటుందేమో అనుకున్నాను.
అనలేదు. "వడ్డీ వద్దు, అసలు ఇవ్వు" అంది,
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది,
నా కూలి వేరే లెక్కగా ఇచ్చింది, పైసాతో సహా.

తర్వాత ఒక్కో వేలుతో
నాన్న పేరు పక్కన కాన్సెలాదో అని కొట్టింది.
లేని మీట దగ్గర వేలు కాసేపు వెతికి
దాటుకుని వెళ్ళింది.
"దిద్దనా?"
"వద్దు, తెలుస్తుందిలే."

కొత్త డిస్కులోకి ఎక్కించడం మొదలుపెట్టాను.
మూడు గంటల నలభై నిమిషాలు అంది తెర.
ఆమె స్టవ్ దగ్గరికి కుర్చీ లాక్కుని
తడి చెప్పులు విప్పింది.